ఐదు రోజుల యుద్ధం, ఆలస్యంగా వచ్చిన కెమెరా

స్టేషను బోర్డు మీద డోన్ అని ఉన్నా మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ద్రోణాచలం అనే అంటారు. గుంతకల్లు నుంచి, నంద్యాల మీదుగా గుంటూరు నుంచి, కర్నూలు మీదుగా సికింద్రాబాదు నుంచి వచ్చే పట్టాలు ఇక్కడ కలుస్తాయి. ఉత్తరానికి పోయే బండి సుమారు యాభై కిలోమీటర్లు నడిచి కర్నూలు చేరుతుంది, ఆ వెంటనే తుంగభద్ర దాటుతుంది. ఈ రోజు వంతెన దాటితే మారేది రాష్ట్రం మాత్రమే. 1948 సెప్టెంబరు నాటికి అవతలి ఒడ్డు వేరే రాజ్యం. ఇవతల మద్రాసు రాష్ట్రం, అవతల నైజాం. సుమారు 82,000 చదరపు మైళ్ళ విస్తీర్ణం, 1941 లెక్కల్లో కోటీ అరవై లక్షలు దాటిన జనాభా, సొంత సైన్యం, సొంత నాణెం, సొంత రైల్వే ఉన్న సంస్థానం అది. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం దాని సరిహద్దులు దాటింది, 17 సాయంత్రానికి నిజాం చేతులెత్తేశాడు. మనవాళ్ళు దానికి పెట్టుకున్న పేరు పోలీస్ యాక్షన్. ట్యాంకులూ విమానాలూ దిగిన చర్యను పోలీసు చర్య అని ఎందుకు అన్నారో తెలిసిందే. యుద్ధమంటే రెండు దేశాల మధ్య జరిగేది, హైదరాబాదు ఇంకో దేశమని ఢిల్లీ ఏనాడూ ఒప్పుకోలేదు.

ఈ వ్యాసంలో అడుగుతున్న ప్రశ్న చిన్నది. అంత త్వరగా ముగిసిన యుద్ధానికి డాక్యుమెంటరీ సినిమా ఏ మేరకు సాక్ష్యం కాగలదు? నాకు తోచిన జవాబు ముందే చెప్పి, దానికి ఆధారాలు చూపిస్తాను. చిన్న యుద్ధాల విషయంలో కెమెరా దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అందుకే ఆ చిత్రాలను యుద్ధానికి సాక్ష్యంగా కాక, యుద్ధం తర్వాత దాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలని అనుకున్నారో దానికి సాక్ష్యంగా చదవాలి. ఆ రెండింటినీ కలిపేస్తేనే చిక్కు.

ముందు కాలక్రమం. 1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకుంది. తర్వాతి నెలల్లో ఖాసిం రజ్వీ నాయకత్వాన నిజాం పక్షపు సాయుధులైన రజాకార్ల దాడులు పెరిగాయి, సరిహద్దు ఊళ్ళకు జనం పారిపోయి వచ్చారు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సరిహద్దు శిబిరాలు నడిపిన ఊళ్ళలో మా కర్నూలు ఒకటి. 1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13 తెల్లవారకముందే పడమట షోలాపూరు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి దళం, తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర దళం కదిలాయి. దక్షిణాన హోస్పేట వైపు, తుంగభద్ర వైపు చిన్న దళాలు పనిచేశాయి. ప్యారిస్‌లో భద్రతామండలి ఈ విషయాన్ని చేతికెత్తుకున్నది 16న. మరునాడే యుద్ధం అయిపోయింది. 18న హైదరాబాదు సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

ఈ తేదీల పక్కన ఆనాటి సినిమా పనితీరును పెట్టి చూడండి. కెమెరాలో నడిచేది ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం. చుట్టలు విమానంలోనో రైల్లోనో బొంబాయిలాంటి నగరపు ల్యాబుకు చేరాలి, కడగాలి, కత్తిరించాలి, వ్యాఖ్యానం జోడించాలి, ప్రింట్లు తీయాలి. పైగా దేశానికి అప్పటికి స్థిరపడిన వార్తాచిత్రాల వ్యవస్థే లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన ఇండియన్ న్యూస్ పరేడ్ 1946లో మూతపడింది. స్వతంత్ర ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్‌ను 1948లో మొదలుపెట్టింది. పోలీస్ యాక్షన్ నాటికి అది పుట్టి కొన్ని నెలలే. యుద్ధం ఐదు రోజులు, యంత్రాంగం పసిది. దీన్నిబట్టి ఏ కుట్రనూ ఊహించనక్కర్లేదు. ముందు వరుసలో కెమెరాలు పెద్దగా లేకపోవడానికి సాంకేతిక కారణమే చాలు.

అసలు ఈ యుద్ధపు ముగింపు జనానికి చూపుగా అందలేదు, వినికిడిగా అందింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడాడు. సంస్థానంలో అయినా, ఇవతల మా వైపు అయినా, రేడియో ఉన్న ఏ కొద్ది ఇళ్ళ ముందో గుమిగూడినవాళ్ళకు ఆ కబురు అందింది. మిగతావాళ్ళకు నోటిమాటే.

అయితే సెప్టెంబరు 17 గురించి ఇప్పుడు వచ్చే దాదాపు ప్రతి వీడియోలోనూ ఒక దృశ్యం ఉంటుంది. బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్, ఆయన ఎదుట చేతులు జోడించి నిలబడ్డ నిజాం. వెనక నుంచి గొంతు, నిజాం లొంగిపోయాడని. ఆ దృశ్యం అబద్ధం కాదు, కానీ అది ఆ రోజుది కాదు. పటేల్ హైదరాబాదు వచ్చింది 1949 ఫిబ్రవరిలో, యుద్ధం ముగిసిన ఐదు నెలలకు. అప్పటికి నిజాం ఓడిన శత్రువు స్థానంలో లేడు, పదవి మిగుల్చుకున్న పాలకుడి స్థానంలో ఉన్నాడు. ఏడాది తిరగకముందే, 1950 జనవరి 26న, ఆయన రాజప్రముఖ్ అయ్యాడు. ఒక అతిథి మర్యాద యుద్ధ ముగింపుగా మారిపోవడం చిన్న పొరపాటని నేను అనుకోను. అసలు లొంగుబాటు ఇద్దరు సైనికాధికారుల మధ్య జరిగింది. జోడించిన చేతుల దృశ్యం దాన్ని ఇద్దరు మనుషుల మధ్య కథ చేసింది, చూసేవాళ్ళ గుండెకు అది తేలిగ్గా చేరుతుంది. డాక్యుమెంటరీ ఏదైనా సరే, ప్రతి దృశ్యాన్నీ ఎప్పుడు తీశారు, ఎవరు తీయించారు, దాని మీది గొంతు ఎప్పుడు చేరింది అని అడిగే అలవాటు మనకు రావాలి. ఈ ఒక్క దృశ్యంతోనే దాని అవసరం తెలుస్తుంది.

కెమెరా లేనిచోట ఏం జరిగిందో తెలుసుకోవడానికి మిగిలింది కాగితం. కాగితాన్నీ జాగ్రత్తగానే చదవాలి. సంస్థానాల విలీనం మీద వి.పి.మీనన్ రాసిన పుస్తకం 1956లో వచ్చింది. ఎదుటి పక్షంలో చనిపోయినవాళ్ళు ఎనిమిది వందలకు కాస్త పైన అని అందులో ఉంది. రజాకార్లే వెయ్యికి పైగా చనిపోయారని చెప్పే లెక్కలూ వాడుకలో ఉన్నాయి. భారత సైన్యం వైపు మృతులను కొందరు 32 అంటారు, కొందరు 42 అంటారు. ఇక మూడో రకం లెక్క పండిత్ సుందర్‌లాల్ కమిటీది. నెహ్రూ పంపగా సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా సంస్థానంలో తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా కలిపి 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని వాళ్ళ అంచనా.

ఎనిమిది వందలు ఒకవైపు, నలభై వేలు ఇంకోవైపు. ఈ రెండు అంకెలనూ ఎదురెదురుగా నిలబెట్టి ఏదో ఒకటే నిజమని వాదించుకోవడం ఏళ్ళుగా చూస్తున్నాం. కానీ అవి లెక్కపెట్టింది ఒకే వస్తువును కాదు. మొదటిది సైనిక చర్యలో పోయినవాళ్ళ లెక్క. రెండోది ఎక్కువ భాగం సామాన్య ముస్లిం జనం, ఆ ఐదు రోజుల్లోనూ తర్వాతి వారాల్లోనూ ఊళ్ళలో జరిగిన ప్రతీకార హింసలో పోయినవాళ్ళ అంచనా. దాని ఆధారం ఎంత? కమిటీ పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిలో తిరిగింది. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్యమైన గ్రామాలు చూసింది. తాము వెళ్ళలేకపోయిన 109 గ్రామాలకు చెందిన ఐదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడింది. అది శవాల లెక్క కాదు, వాంగ్మూలాల మీద కట్టిన అంచనా. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు, ప్రచురించలేదు. పూర్తి పాఠం పదిమందికీ అందుబాటులోకి వచ్చింది 2013లో. తెలుగువాళ్ళు గమనించాల్సిన ఇంకో సంగతి, ఎక్కువ ప్రాణనష్టం జరిగిందని నివేదిక చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. అవి మరాఠీ, కన్నడ ప్రాంతాలు. అంతకు ముందు రజాకార్లు చేసిన అఘాయిత్యాలనూ అదే నివేదిక ఒప్పుకుంది. కొన్నిచోట్ల సైనికులే దోపిడీలో పాల్గొన్నారనీ, కొన్నిచోట్ల వాళ్ళే జనాన్ని కాపాడారనీ రెండూ రాసింది. నా మటుకు ఆ నివేదిక మీద నమ్మకం కలగడానికి కారణం ఇదే. ఒకే రంగులో రాసిన కాగితం అయితే ఇంకాస్త అనుమానించేవాణ్ణి.

తెలంగాణ జిల్లాల్లో అయితే యుద్ధం ఐదు రోజుల్లో ముగియనే లేదు. రజాకార్ల మీద దిగిన సైన్యమే, అక్కడ దొరల మీద సాయుధంగా పోరాడుతున్న కమ్యూనిస్టు దళాల మీదికి మళ్ళింది. ఆ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ విరమించింది 1951 అక్టోబరులో. అందుకే నల్లగొండ ముసలామె పోలీస్ యాక్షన్ అంటే ఒకటి, బీదర్ ముస్లిం కుటుంబం అంటే ఇంకొకటి, కర్నూలు శిబిరంలో తలదాచుకుని తిరిగి ఇల్లు చేరిన మనిషి అంటే మరొకటి. మాట ఒక్కటే, లోపల దాచుకున్న జ్ఞాపకాలు మూడు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ పోరాటపు ఆడవాళ్ళు తమ నోటితో చెప్పుకున్న సంగతులు ఉన్నాయి. చేతిలో టేప్‌రికార్డరు, ఎదుట మనిషి. ఏ కెమెరా పట్టుకోలేని వివరం ఆ గొంతుల్లో దొరికింది. గౌతం ఘోష్ ‘మా భూమి’ 1979లో తయారైన కథాచిత్రం. దాన్ని 1948కి సాక్ష్యంగా చూపకూడదు. సైన్యం వచ్చాక దొర మళ్ళీ ఊరికి తిరిగి రావడం అందులో ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఒక తరం ఆ విజయాన్ని ఎలా అర్థం చేసుకుందో చెప్పడానికి మాత్రం అది గట్టి ఆధారమే.

డోన్‌లాంటి ఊరికి యుద్ధం తెరమీద కనబడ్డది తర్వాతి యుద్ధాలతో. ఫిల్మ్స్ డివిజన్ చిత్రం వేయకుండా ఏ హాలూ ఆట మొదలుపెట్టకూడదన్నది అప్పటి లైసెన్సు షరతు. అసలు సినిమాకు ముందు నలుపు తెలుపులో వరదలు, ఆనకట్టలు, ప్రధానమంత్రి పర్యటన, జవాన్లు, వాటి మీద తెలుగులో గంభీరమైన గొంతు. ఆ గొంతు వినని నా ఈడువాళ్ళు ఉండరు. అయితే ప్రింట్లు మొదట పెద్ద నగరాల పెద్ద హాళ్ళకు పోయి, అక్కడ అరిగి, వారాలు నెలలు గడిచాక చిన్న ఊళ్ళకు దిగేవి. కాబట్టి 1971 డిసెంబరు 3న మొదలై 16న ముగిసిన బంగ్లాదేశ్ యుద్ధం మాలాంటి ఊళ్ళలో తెరమీదికి వచ్చేసరికి గెలుపు పాతబడి ఉండేది. ఏమవుతుందో అన్న బెంగ లేకుండా, ఫలితం ముందే తెలిసి చూసిన యుద్ధం అది. తెరమీది యుద్ధం మనలో నాటుకున్న తీరుకూ ఈ ఆలస్యానికీ సంబంధం ఉందని నా అనుమానం. దీన్ని నిరూపణ అనను, పరిశీలించదగ్గ ప్రతిపాదన అంటాను.

1971లో 1948కి భిన్నంగా కెమెరాలు బోలెడు. ఢాకా రేసుకోర్సులో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేయడం, పక్కన భారత సేనాని అరోరా, ఇదంతా ఫిలిం మీద ఉంది. వెనక నిలబడ్డవాళ్ళలో వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ ఉన్నారు, విశాఖపట్నం కేంద్రంగా తూర్పు నౌకాదళాన్ని నడిపిన సేనాని. అలా మన తీరం కూడా ఆ ఫ్రేములో చోటు చేసుకుంది. కానీ ఆయన సొంత తీరంలో జరిగిన పెద్ద సంఘటనకు ఒక్క దృశ్యమూ లేదు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా నావికులతో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే అని మన నౌకాదళం అంటుంది. సొంత మైను పేలిందనో, లోపలే పేలుడు జరిగిందనో పాకిస్తాన్ అంటుంది. చీకటి, నీళ్ళ అడుగు, సాక్షులు ఎవరూ బతకలేదు. తర్వాత దీని మీద వచ్చిన ఏ చిత్రమైనా శకలాల నుంచీ, ఊళ్ళో అదిరిన కిటికీ అద్దాల జ్ఞాపకం నుంచీ వెనక్కి కట్టుకుంటూ పోవాల్సిందే. బీచ్ రోడ్డు మీద 1996లో వెలసిన విజయ స్మారకం ముందు నిలబడ్డవాళ్ళకు ఈ సందిగ్ధం కనబడదు. స్మారకం చేసే పని వేరు, సాక్ష్యం చేసే పని వేరు.

అదే యుద్ధం మీద వచ్చిన చిత్రాల్లో ఒకదాని ప్రయాణం మన ప్రశ్నకు బాగా దగ్గర. జహీర్ రైహాన్ ‘స్టాప్ జెనోసైడ్’ యుద్ధం సాగుతుండగానే, 1971లోనే, ప్రపంచాన్ని కదిలించడానికి తీసిన సుమారు ఇరవై నిమిషాల చిత్రం. ఢాకాకు తిరిగివచ్చాక, 1972 జనవరి 30న, కనబడకుండా పోయిన అన్నను వెతుక్కుంటూ వెళ్ళిన రైహాన్ మళ్ళీ రాలేదు. ఎస్.సుఖ్‌దేవ్ ‘నైన్ మంత్స్ టు ఫ్రీడమ్’ను 1972లో ఫిల్మ్స్ డివిజన్‌కు తీశాడు. వీటిలో ఆవేశం ఉంది, ఉండాల్సిందే. నేను చెప్పదలచింది మాత్రం ‘ముక్తిర్ గాన్’ గురించి. లియర్ లెవిన్ అనే అమెరికన్ 1971లో శరణార్థి శిబిరాల వెంట పాటలు పాడుతూ తిరిగిన బృందాన్ని గంటలకొద్దీ చిత్రించాడు. ఆ సినిమా పూర్తి కాలేదు. చుట్టలు న్యూయార్కులో ఆయన ఇంటి నేలమాళిగలో ఇరవై ఏళ్ళు పడి ఉన్నాయి. తారెక్ మసూద్, కేథరిన్ మసూద్ వాటిని వెతికి పట్టుకుని, ఇతర చోట్ల దొరికిన ఫుటేజి కలిపి 1995లో చిత్రంగా కూర్చారు. ప్రొజెక్టరు మోసుకుని పల్లెలకు తీసుకెళ్ళి వేశారు. చూసిన పల్లెజనం చప్పట్లు కొట్టి ఊరుకోలేదు, మా ఊళ్ళో జరిగింది వినండి అన్నారు. ఆ మాటలన్నీ కలిసి 1999లో ‘ముక్తిర్ కథ’ అనే రెండో చిత్రం అయ్యాయి. మొదటి చిత్రంలో ఎక్కువగా చదువుకున్న గాయకులు. రెండోదాంట్లో రైతులు, ఆడవాళ్ళు, గిరిజనులు. కెమెరా ఆలస్యంగా వచ్చినా, ఆ ఆలస్యాన్ని దాచకుండా అడిగి తెలుసుకున్న పద్ధతి అది.

మన ఐదు రోజుల యుద్ధానికి అలాంటి రెండో చిత్రం కావాలి. మా వైపు నుంచి కూడా కావాలి అంటాను. ఎందుకంటే సెప్టెంబరు 17 ఇప్పుడు పూర్తిగా నది అవతలి సంగతి అయిపోయింది. 2022 నుంచి కేంద్రం దాన్ని హైదరాబాద్ విమోచన దినం అంటోంది. అప్పటి తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. పేర్ల తగాదాలో మేం లేము. కానీ ఆ యుద్ధ ఫలితంలో రాయలసీమ ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మాట మీద, కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్ళు చాలక గుడారాలు వేశారు. మూడేళ్ళు తిరిగేసరికి, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు పోయింది. అక్కడ నిజాములు కట్టించిన భవనాలు సిద్ధంగా ఉన్నాయి. కొత్త రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా మనిషి, 1962లో మా డోన్ నుంచి శాసనసభకు వెళ్ళినవాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1948 వల్ల కర్నూలు రాజధాని పోయింది అని గీత గీసినట్టు చెప్పడం తప్పు. ఆ మధ్యలో 1955 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక ఉంది. అది తెలంగాణను అప్పటికి విడిగా ఉంచమని, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రలో కలపమని సూచించింది. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం ఉంది. మనుషులు తీసుకున్న నిర్ణయాలు అవి. 1948 చేసింది ఆ నిర్ణయాలకు తలుపు తెరవడం మాత్రమే. ఆ తలుపే తెరుచుకోకపోతే డోన్ మీదుగా ఉత్తరానికి పోయే బండి రాజధానికి పోయే బండి అయ్యేది కాదు. యాభై ఎనిమిదేళ్ళు మా పిల్లలు ఉద్యోగానికీ, ఆసుపత్రికీ, కోర్టుకూ ఆ బండే ఎక్కారు. ఒక యుద్ధపు వారసత్వం జెండా వందనాల్లోనే ఉండనక్కర్లేదు, రైలు టికెట్లలో కూడా ఉంటుంది. ఆ కోణం నుంచి డాక్యుమెంటరీ తీసేవాళ్ళు ఇంకా రావాలి.

తీస్తే పని ఇలా ఉండాలని నా సూచన. నదికి అవతల అలంపురం, గద్వాల వైపు పల్లెలు, ఇవతల కర్నూలు, డోన్, రైల్వే కాలనీలు. 1948లో పదేళ్ళ వయసు ఉన్నవాళ్ళకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది, కాబట్టి వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాలి. దొరికిన పాత ఫుటేజిని, తేదీ వేసి, బేగంపేట దృశ్యాన్ని ఐదు నెలల తర్వాతిదని చెప్పి, వాళ్ళకే వేసి చూపించాలి. హిందువులకూ ముస్లిములకూ, శిబిరం నడిపిన కుటుంబాలకూ శిబిరంలో దాక్కున్న కుటుంబాలకూ, అందరికీ. ఆ సాయంత్రం ఏం చూశారు అని అడగడం కన్నా ఏం విన్నారు అని అడగడం మేలు. రేడియోలోనా, చావడిలోనా, మసీదు మెట్ల దగ్గరా, ఎవరి నోట, ఏ మాటల్లో. ఆ తర్వాత వారం రోజులు ఊళ్ళో ఎవరి తలుపులు మూసి ఉన్నాయి అని కూడా అడగాలి.

జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. సుందర్‌లాల్ కమిటీ ఐదు వందల మందితో మాట్లాడినప్పుడూ పొసిగి ఉండవు. పొసగని మాటలను అలాగే పక్కపక్కన ఉంచి, ఎవరు ఏ ఒడ్డు నుంచి మాట్లాడుతున్నారో తెరమీద రాసి పెడితే చాలు.